నిమ్మ తీపి కింద ఏం దాగున్నది?

బాన్సువాడల పొద్దుగూకినంక ఏ వైన్సు పక్కన పర్మిట్ రూములకైనా తొంగి చూడుండ్రి. ప్లాస్టిక్ గ్లాసు, క్వార్టర్ సీస, పల్లీల పొట్లం. ఒకరు సోడాల నిమ్మకాయ పిండుకుంటరు. ఇంకొకరు నిమ్మ రుచి ఉన్న తీపి డ్రింకు పోసుకుంటరు. హైదరాబాద్ బార్లల్ల అయితే ఇదే పనికి లైమ్ కార్డియల్ అని సీస దొరుకుతది. నిమ్మరసంల చక్కెర బాగ పట్టించి నిల్వ చేసిన చిక్కటి షర్బత్ అన్నట్టు. జిన్నుల అది కలిపితే దాన్ని గిమ్లెట్ అంటరు, పెద్ద రేటు కడ్తరు. పేరు మారినా, రేటు మారినా చేసే పని ఒక్కటే. మందు ఘాటును తీపి, పులుపు కలిసి కప్పిపెడ్తయి.

ఈ కార్డియల్ కథ జెర తెలుసుకోవాలె. ఎన్కట ఓడల మీద నెలల తరబడి పోయేటోళ్లకు చిగుళ్లు వాచి నెత్తురు కారే స్కర్వీ రోగం వస్తుండె. 1747ల జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు నిమ్మ, నారింజలతోని అది తగ్గుతదని చూపెట్టిండు. ఓడల మీద నిమ్మరసం చెడిపోకుండ ఉండేటందుకు అండ్ల సారా కలిపేటోళ్లు. 1867ల స్కాట్లాండ్ కు చెందిన లాక్లన్ రోజ్ అనేటాయన సారా లేకుండ చక్కెరతోని నిమ్మరసాన్ని నిల్వ చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నడు. అంటే నిమ్మరసంల నుంచి మందును తీసెయ్యడానికి పుట్టిందే కార్డియల్. అదే ఇయ్యాల మల్ల మందులకు చేరింది. రోగానికి విరుగుడుగ వచ్చింది ఘాటుకు ముసుగైంది.

ముసుగు అని ఎందుకంటున్ననంటే లెక్క చూడుండ్రి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. లేబుల్ మీద 42.8 శాతం అని ఉంటది. అంటే దాంట్ల దగ్గరదగ్గర 60 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉన్నట్టు. నిమ్మ పిండినా, షర్బత్ పోసినా అండ్ల ఒక్క గ్రాము సుత తగ్గదు. తగ్గేది నాలుకకు తాకే మంట ఒక్కటే. ఆ మంటనే "ఇగ సాలు" అని చెప్పే కావలి. కావలోడిని పండవెట్టినంక మనిషి ఎంత తాగిండో మనిషికే తెల్వదు. పైకెల్లి 30 మిల్లీలీటర్ల కార్డియల్ తోని రెండు చెంచాల చక్కెర అదనంగ లోపటికి పోతది. షుగర్ ఉన్నోళ్లకు అది ఇంకో దెబ్బ.

మనదాంట్ల ఇంకో నమ్మకం ఉన్నది. నిమ్మరసం తాగితే మత్తు దిగుతదని. దిగదు. ఆల్కహాల్ను కరిగించేది కాలేయం. అది తన చాలున తాను చేస్తది, నిమ్మకాయ చూసి ఉరకదు. నిమ్మరసం తాగి "నాకు దిగింది" అనుకొని బండి ఎక్కేటోడు తనకే కాదు, ఎదురుంగ వచ్చేటోళ్లకు సుత ప్రమాదమే.

ఇగ అసలు ముచ్చటకు వద్దాం. కార్డియల్ అని సీస మీద రాయాలంటే మన దేశంల ఆహార భద్రత నిబంధనలు ఉన్నయి. కనీసం 25 శాతం పండ్ల రసం ఉండాలె. అండ్ల కరిగిన పదార్థం, అంటే ముఖ్యంగ చక్కెర, కనీసం 30 శాతం ఉండాలె. ఏమేం కలిపిండ్రో లేబుల్ మీద రాయాలె. కంపెనీ సీస కొన్నోడు కండ్లద్దాలు పెట్టుకొని సదువుకోవచ్చు. అదే విడిగ అమ్మే రంగు షర్బత్ ల నిమ్మకాయ ఉన్నదా, నిమ్మ ఉప్పు, ఎసెన్సు మాత్రమే ఉన్నయా ఎవరికి తెల్సు? కిందికి పోయినకొద్ది లేబుల్ మాయమైతది. అట్టడుగున ఉన్నది కల్లు దుకాణం.

కల్లుకు తీపి కొత్తది కాదు. చెట్టు మీదికెల్లి దించిన నీరా తియ్యగనే ఉంటది, అది పులిసినకొద్ది కల్లయితది. చెట్టు కల్లుల ఆల్కహాల్ తక్కువ, బీరుకు అటు ఇటు. కని మన ఉమ్మడి నిజామాబాద్ దిక్కు శానా కాలం సంది నడుస్తున్నది ఇంకో తీపి. నీళ్లల్ల శాక్రిన్ వేసి తీపి తెస్తరు, ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అసొంటివి వేసి మత్తు తెస్తరు. ఆల్ప్రజోలం డాక్టరు చీటీ మీద మాత్రమే ఇయ్యాల్సిన మందు, మత్తు పదార్థాల చట్టం కిందికి వస్తది. దానికి చేదు ఉంటది, ఆ చేదు నాలుకకు దొరకకుండ చేసేది తీపి. గిమ్లెట్ల కార్డియల్ చేసే పనే ఇక్కడ శాక్రిన్ చేస్తున్నది. తేడా ఏందంటే, అక్కడ తాగేటోడికి గ్లాసుల ఏమున్నదో తెల్సు. ఇక్కడ తెల్వదు.

దాని ఫలితం మన కండ్ల ముందటే చూసినం. 2025 ఏప్రిల్ల నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల ఊర్లల్ల కల్లు తాగినోళ్లు పదులకొద్ది మంది పడిపోయిండ్రు. మెడలు వంకర్లు పోయి, నాలుకలు మొద్దువారి దవాఖాన్ల పాలైండ్రు. వాళ్లంత పొద్దంత పని చేసి, సాయంత్రం ఇన్ని కల్లు తాగి పందామనుకున్న జనం. మూడు నెలలకు, జులైల, కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లుకు ప్రాణాలే పోయినయి. అప్పుడు రాజధాని కదిలింది, టీవీలు మొత్తుకున్నయి. మన దిక్కు పడిపోయినప్పుడే గట్టిగ కదిలి ఉంటే?

ఇండ్ల సర్కారు లెక్క సుత చూడాలె. 2025ల కొత్త మద్యం పాలసీల 2,620 వైన్సులకు దరఖాస్తులు పిలిచిండ్రు. ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు, డ్రా తగలకున్నా తిరిగి ఇయ్యరు. సర్కారుకు ఆమ్దానీ వచ్చే సీసకు హోలోగ్రామ్ ఉన్నది, డిపో ఉన్నది, లెక్క ఉన్నది. ఆమ్దానీ రాని కల్లు కుండకు ఏమున్నది? తనిఖీ చెయ్యనీకె మనుషులు తక్కువ అంటరు. మరి వైన్సుల దగ్గర ఆ మాట ఎందుకు వినపడదు?

ఈ మాట అనంగనే "గీత కార్మికుల పొట్ట కొడ్తున్నరు" అనేటోళ్లు ఉంటరు. సూటిగ చెప్తున్న, కల్తీకి మొదట బలైతున్నది నిజమైన గీత కార్మికుడే. పాణం మీదికి తెచ్చుకొని తాడు ఎక్కి దించిన కల్లు, పొడి కలిపిన నీళ్ల ముందట రేటుల నిలవలేకపోతున్నది. అందుకే ముందుగాల చెట్ల లెక్క తియ్యాలె. సొసైటీ కింద, లైసెన్సు కింద ఎన్ని చెట్లు ఉన్నయి, దుకాణంల రోజు ఎన్ని సీసలు అమ్ముడైతున్నయి. చెట్లు ఇయ్యగలిగిన దానికంటె కల్లు ఎక్కువ అమ్మితే ఆ ఎక్కువ ఎక్కడికెల్లి వచ్చిందో అడుగుడు కష్టం కాదు.

రెండోది, ఊకె దాడులు చేసి ఒక్కసారే బంద్ పెడ్తే సరిపోదు. 2015ల ఆ పనే చేసిండ్రు. అలవాటైన ఒంటికి ఆ మందు దొరకక జనం వణికిండ్రు, పిచ్చి లేచినట్టు చేసిండ్రు, దవాఖాన్లు నిండినయి. ఆల్ప్రజోలం అసొంటివి ఒక్కసారిగ ఆపితే ఫిట్స్ వచ్చి పాణం మీదికి వస్తది. మెల్లమెల్లగ తగ్గించాలె, డాక్టరు చేతుల తగ్గించాలె. గందుకే బాన్సువాడ అసొంటి తావుల సర్కారు దవాఖాన్ల దీనికి ప్రత్యేకంగ మంచాలు, మందులు, మాట్లాడి ధైర్యం చెప్పేటోళ్లు ఉండాలె. దాడికి పోయే జీపు ముందు, వైద్యం ఎనుక అంటె కుదరదు. రెండు కలిసి పోవాలె.

మూడోది మన చేతులనే ఉన్నది. పర్మిట్ రూముల గ్లాసుల నిమ్మ తీపి పోసుకునేటోడు క్వార్టర్ లెక్క మర్వొద్దు, తాగినంక బండి ముట్టొద్దు. కల్లు దుకాణంకు పోయేటోడు ఒక్క మాట అడుగాలె, "ఇది ఏ చెట్టు కల్లు?" అని. ఊరు మొత్తం అదే మాట అడిగిన్నాడు అమ్మేటోడు జవాబు చెప్పక తప్పదు.

తాగుడు మంచిదా చెడ్డదా అనే పంచాది ఎప్పటికి ఒడువదు. కని తాగేటోడికి ఏం తాగుతున్నడో తెలువాలె అన్నదాంట్ల పంచాది లేదు. హైదరాబాద్ బార్ల గ్లాసుకు ఉన్న ఆ హక్కు నస్రుల్లాబాద్ కల్లు సీసకు ఎందుకు ఉండదో సర్కారే చెప్పాలె.