ఆసుపత్రి దగ్గరైంది... మరి ఆరోగ్యం?

వికారాబాద్ జిల్లాకు సంబంధించిన రెండు వార్తలు పక్కపక్కన పెట్టి చదివితే ఎవరికైనా ఓ సందేహం వస్తుంది. 2023 సెప్టెంబరులో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. సంతోషమే. అంతకు తొమ్మిది నెలల ముందు, 2022 డిసెంబరులో, గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాలను ఎంచి రాష్ట్ర ప్రభుత్వం న్యూట్రిషన్ కిట్లు పంచడం మొదలుపెట్టింది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు, భూపాలపల్లి వంటి అడవి జిల్లాల సరసన వికారాబాద్ కూడా ఆ జాబితాలో ఉంది. హైదరాబాదు వాళ్లు ఆదివారం పూట అనంతగిరికి షికారు వెళ్లొచ్చేంత దగ్గరి జిల్లా ఆ వరుసలోకి ఎలా వచ్చింది?

దీనికి జవాబు కుల్కచర్లలాంటి మండలాల్లో దొరుకుతుంది. పరిగికి దక్షిణాన, మహబూబ్‌నగర్ జిల్లా అంచున ఉన్న మండలమిది. మెట్ట సేద్యం, చుట్టూ లంబాడా తండాలు. పంట చేతికొచ్చాక పని కోసం పట్నం దారి పట్టే కుటుంబాలు. 2016 అక్టోబరు దాకా ఇది రంగారెడ్డి జిల్లాలో భాగం. హైదరాబాదు శివార్ల మేడలూ, ఈ తండాలూ కలిపి జిల్లా సగటు లెక్క వేసేవారు. అటువంటి సగటులో తండా ఆడవాళ్ల నీరసం ఎవరి కంటికి ఆనుతుంది? జిల్లా విడిపోయాకే ఈ ప్రాంతం అసలు ముఖం బయటపడిందని నా అభిప్రాయం.

గెలిచింది ఎక్కడ?

మంచి జరగలేదని అనను. 2005లో 108 వచ్చింది. ఆ తర్వాత గర్భిణుల కోసం 102 వాహనాలు వచ్చాయి. 2017లో కేసీఆర్ కిట్‌తో పాటు సర్కారు దవాఖానాలో కాన్పయితే మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు ఇచ్చే పథకం పెట్టారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో తెలంగాణలో నూటికి 91 కాన్పులు ఆసుపత్రుల్లో జరిగితే, 2019-21 నాటికి అవి 97 అయ్యాయి. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2014-16లో 81 ఉంటే, 2018-20 నాటికి 43కు తగ్గాయి. మంత్రసాని చేతిలో, కిరసనాయిలు దీపం వెలుగులో కాన్పులైన రోజులు తెలిసిన అమ్మమ్మలను అడగండి, ఇది ఎంత పెద్ద మార్పో చెబుతారు.

అయితే అదే సర్వేలో మరో పేజీ తిప్పండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత 56.6 శాతం నుంచి 57.6 శాతానికి పెరిగింది. ఐదేళ్లలోపు పిల్లల్లో 61 నుంచి 70కి ఎగబాకింది. పైగా నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే! దేశం మొత్తం మీద చూస్తే అవి 21 శాతమే. రక్తం చాలని ఒంటి మీద కోత పడి, కుట్లు ఆరీఆరకముందే తట్ట ఎత్తుకోవలసిన మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. కాన్పు జరిగే ఆ ఒక్క రోజుకు బండి ఉంది, మంచం ఉంది, డబ్బుంది. దానికి ముందూ వెనకా ఉన్న రోజుల సంగతే ఎవరికీ పట్టలేదు.

బిళ్లలు ఉన్నాయి, తిండి?

ఒక తండాలో అంగన్‌వాడీ దగ్గర ఓ బాలింతతో మాట కలిపాను. ఇరవై ఏళ్లు ఉంటాయేమో, అప్పటికే ఇద్దరు పిల్లలు. ఐరన్ బిళ్లలు వేసుకుంటున్నావా అమ్మా అంటే నవ్వింది. "ఇస్తరక్కా, ఇంట్ల ఉన్నయ్. పొద్దుగాల చాయ తాగి పనికి పోతం. ఉత్త కడుపున మింగితే కడుపుల తిప్పుతది. పగటికి బువ్వ తిన్నంక యాదికుండదు" అంది. అందులో ఆమె నిర్లక్ష్యం ఎక్కడుంది చెప్పండి? బిళ్ల పనిచేయాలంటే వేళకు తిండి ఉండాలి, చాయ కాస్త దూరంగా ఉండాలి. చాయకు ఐరన్ ఒంటబట్టదని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేరు.

ఇదే జిల్లా తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కంది కోసే చేతులకు ఆ పప్పు రోజూ కంచంలో పడుతోందా? 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం పెడుతున్నారు. మంచి పథకం. కానీ మధ్యాహ్నం వేళ ఆమె చేనులో ఉంటుంది. లేదా వలసపోయి ఏ హైదరాబాదులోనో ఇటుకలు మోస్తుంటుంది. భోజనం తండాలో, మనిషి పట్నంలో! అక్కడే ఉంది చిక్కంతా.

2023 డిసెంబరు నుంచి బస్సులో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. పరిగికో తాండూరుకో పోవడానికి చార్జీ భారం తప్పింది. కానీ పరీక్షకు పోయిన రోజు కూలి పోవడం తప్పలేదు. వెంట ఎవరు రావాలి, పిల్లల్ని ఎవరు చూడాలి, ఇంట్లో ఎవరిని అడిగి పోవాలి అన్నవీ అలాగే ఉన్నాయి.

ఇంకో మాట. మైదాన ప్రాంతంలో ఐదు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలని నిబంధన. గిరిజన, కొండ ప్రాంతాల్లో అయితే మూడు వేలకే. కుల్కచర్లలో తండాలు ఎన్ని ఉన్నా, ఇది ఏజెన్సీ ప్రాంతం కాదు. గిరిజనులుండీ గిరిజన ప్రాంతం కాకపోవడం వల్ల జరిగే నష్టం గురించి మాట్లాడేవారు తక్కువ.

ఏం అడగాలి?

2018 చట్టంతో తండాలు పంచాయతీలయ్యాయి. అందులో సగం పదవులు ఆడవాళ్లవే. పల్లె దవాఖానాలో రక్తపరీక్ష కూలికి వెళ్లే వేళకు ముందో, పొద్దు వాలాకో జరగాలని గ్రామసభలో అడగవచ్చు. కాన్పులు ఎన్నయ్యాయన్న లెక్కతో పాటు, ఆడవాళ్లలో ఎందరికి హిమోగ్లోబిన్ 12 దాటింది, గర్భిణుల్లో ఎందరికి 11 దాటింది అన్న లెక్కా చెప్పమనవచ్చు. అడిగితేనే లెక్క వస్తుంది, లెక్క ఉంటేనే జవాబుదారీ ఉంటుంది.

పట్నాల్లో ఉన్న మనకూ ఇందులో పనుంది. మన వీధిలో లేస్తున్న అపార్టుమెంటు దగ్గర రేకుల షెడ్డులో ఉండే గర్భిణి ఏ కుల్కచర్ల నుంచో వచ్చి ఉంటుంది. దగ్గర్లో బస్తీ దవాఖానా ఎక్కడుందో, అంగన్‌వాడీ ఎక్కడుందో ఆమెకు తెలియకపోవచ్చు. చూపించడానికి మనకు పట్టేది పది నిమిషాలు. వలస వచ్చినా ఆ సేవలు ఆమెకు దక్కాల్సినవేనని చెప్పి, అవసరమైతే వెంట వెళ్లి పేరు రాయించి రావడం ఎవరం చేసినా చేయగల పనే.