ఉప్పెనకు కారణం చెప్పే పాఠం

పెడన, బందరు, దివిసీమ హైస్కూళ్లలో ప్రకృతి విపత్తుల పాఠానికి వేరే చోట్ల లేని అడ్డంకి ఒకటి ఉంది. తుఫాను అంటే ఏమిటో తెలియని పిల్లలు ఇక్కడ ఉండరు. ముసురు పడితే మగ్గం గుంటల్లోకి నీళ్లు రావడం, అద్దకం బట్టలు ఆరక పని ఆగిపోవడం పెడన పిల్లలు చూస్తూనే పెరుగుతారు. అయితే తరగతిలో అడుగుపెట్టే నాటికే విపత్తుకు ఒక కారణం కూడా వాళ్లకు ఇంట్లో అంది ఉంటుంది. గంగమ్మకు కోపం వచ్చింది, లోకంలో పాపం పెరిగింది, బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు అని. పాఠ్యపుస్తకం ఆ కారణం జోలికి పోదు. నిర్వచనం, రకాలు, తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటుంది. దాంతో పిల్లలు పరీక్ష కోసం ఒక జవాబు, తుఫాను రాత్రి కోసం మరో జవాబు మనసులో ఉంచుకుంటారు.

ఇంట్లో విన్న కారణాన్ని పరీక్షకు పెట్టడానికి 1977 నవంబరు 19ని మించిన ఉదాహరణ లేదు. ఆ రోజు తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన ఊళ్లను తుడిచిపెట్టింది దివిసీమలో. చనిపోయినవారు సుమారు 10,000 మంది అని ప్రభుత్వ లెక్క. ఇతర అంచనాలు ఇంకా ఎక్కువ చెబుతాయి. పాపమే కారణమైతే చీరాలకూ దివిసీమకూ ఈ తేడా ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. భౌతికశాస్త్రం చెప్పగలదు. భూగోళం ఉత్తరార్ధంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందువల్ల తుఫాను నడిచే దారికి కుడివైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి కొడుతుంది, ఎడమవైపున నేల మీంచి సముద్రంలోకి కొడుతుంది. చీరాలకు ఈశాన్యంగా ఉన్న దివిసీమ కుడివైపున పడింది. అక్కడ తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. గాలి తోసుకొచ్చిన నీరు కిందికి పోయే దారి లేక పైకి లేచింది.

ఇందులో లెక్క తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలిగినదే. వాయుపీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. పీడనం 70 మిల్లీబార్లు పడిపోయినా నీరు లేచేది 70 సెంటీమీటర్లే. దివిసీమ ఉప్పెన ఎత్తు దాదాపు ఐదు మీటర్లు. అంటే మిగిలిన నీరంతా గాలి తోసినదే. బందరు రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లలోనూ ఇదే విషయం ఉంది. ఎనిమిదో నంబరు అంటే తీవ్ర తుఫాను రేవును తన దారికి ఎడమవైపు ఉంచుతూ పోతుందని, తొమ్మిది అంటే కుడివైపు ఉంచుతూ పోతుందని, పది అంటే రేవు మీదుగానో దగ్గరగానో తీరం దాటుతుందని అర్థం. ఏటా పేపర్లో కనబడే ఈ అంకెల అర్థం చాలా బళ్లలో చెప్పరు. అంకె పెద్దదైతే తుఫాను పెద్దదని మాత్రమే పిల్లలు అనుకుంటారు.

పాపఫలం అన్న మాటలో అబద్ధంతో పాటు క్రూరత్వం కూడా ఉంది. దివిసీమలో ఎక్కువగా పోయింది తీరం పక్కన మట్టిగోడల గుడిసెల్లో ఉన్న మత్స్యకారులు, కూలీలు, వాళ్ల పిల్లలు. గట్టి మేడ ఎక్కగలిగినవారికి బతికే అవకాశం దొరికింది. చావును పంచింది కూలీరేటు, ఇంటి గోడ, ఊరి ఎత్తు. దాన్ని కర్మ అనడం చనిపోయినవారి మీద నేరం మోపి, పక్కా ఇళ్లూ తుఫాను షెల్టర్లూ లేకపోవడానికి జవాబు చెప్పవలసినవారిని విడిచిపెట్టడమే. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చినప్పుడు అది అంటరానితనమనే పాపానికి శిక్ష అని గాంధీ అన్నారు. అంటరానితనాన్ని ఆయనతో సమానంగా అసహ్యించుకున్న రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ మాటను బహిరంగంగా ఖండించారు. భౌతిక ఘటనకు భౌతిక కారణమే ఉంటుందన్నది ఆయన వాదం. మంచి ఉద్దేశం తప్పు కారణాన్ని ఒప్పు చేయదని పిల్లలకు చూపడానికి ఆ వాదన చాలు.

కొన్ని నమ్మకాలు నేరుగా ప్రాణం తీస్తాయి. హోరుగాలి ఉన్నట్టుండి ఆగిపోతే అమ్మవారు శాంతించిందని బయటికి వచ్చేవారున్నారు. తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడూ గాలి అలాగే ఆగుతుంది. అది దాటగానే ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. మరికొన్ని నమ్మకాలు అసలు కారణాన్ని కప్పేస్తాయి. 2004 డిసెంబరు 26 పౌర్ణమి. మంగినపూడి తీరంలో సముద్రస్నానానికి జనం చేరిన సమయంలో సునామీ వచ్చింది. పౌర్ణమి వల్లే వచ్చిందన్న ప్రచారం ఆ తర్వాత సాగింది. నిజానికి సుమత్రా దగ్గర సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూమి కదిలింది. ఆ అల మన తీరానికి రావడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఆ వ్యవధిలో హెచ్చరించే ఏర్పాటు అప్పటికి లేదు. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో మొదలైంది.

కృష్ణమ్మ దుర్గమ్మ ముక్కుపుడకను తాకిన రోజున కలియుగం ముగుస్తుందన్నది ఈ ప్రాంతంలో అందరూ విన్న మాట. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, లంక గ్రామాలు మునిగాయి. ఆ రోజుల్లో లంకవాసులకు కావలసింది తమ ఊరి ఎత్తు, బ్యారేజీ నుంచి నీరు చేరే సమయం. ముక్కుపుడక జోస్యం ఈ రెంటిలో ఒక్కటీ చెప్పదు. ఉగాది పంచాంగ శ్రవణంలో ఏడాదికి ఎన్ని కుంచాల వానో, అందులో సముద్రానికీ కొండలకూ నేలకూ ఎన్నెన్ని భాగాలో చెబుతారు. ఏ ఊరు, ఏ తేదీ అన్నది ఉండదు కనుక అది ఎప్పటికీ తప్పు కాదు. విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరిక కేంద్రం చోటు, సమయం చెబుతుంది; తప్పితే అందరికీ తెలుస్తుంది. దాని విలువంతా అక్కడే ఉంది. ఒక ఏడాది పాటు రెంటినీ పక్కపక్కన రాసి, బడి ఆవరణలో వానమాపకంతో కొలిచిన వర్షంతో పోల్చి చూసే పని పిల్లలకు అప్పగించవచ్చు.

ఇలా బోధిస్తే మనోభావాలు దెబ్బతింటాయని ఉపాధ్యాయులు భయపడతారు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల ప్రాథమిక విధి అని 1976 నాటి 42వ సవరణ రాజ్యాంగంలో చేర్చింది, 51ఎ(హెచ్) అధికరణంగా. ఉపాధ్యాయుడు ఎవరి పూజగదిలోకీ వెళ్లనక్కరలేదు. పెద్దలు చూసినదాన్నీ, దానికి వాళ్లు చెప్పిన కారణాన్నీ విడదీస్తే చాలు. నీరు ఏ గోడ దాకా వచ్చింది, గాలి మొదట ఏ దిక్కు నుంచి కొట్టింది, ఎప్పుడు దిక్కు మారింది అన్న 1977 జ్ఞాపకాలు విలువైన సమాచారం. అవి చెప్పగలిగినవారు ఇంకా ఉండగానే పిల్లలు వాటిని పటం మీద గుర్తించాలి. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచి సుమారు 30,000 మందిని బలిగొన్న ఉప్పెన గురించి ఇప్పుడు అలా అడిగేందుకు ఎవరూ లేరు.

పరీక్ష ప్రశ్నలు కూడా మారాలి. తుఫానును నిర్వచించమనే బదులు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినట్టే మరో తుఫాను దాటబోతోందంటే నాగాయలంకలో ఉన్న కుటుంబం ఎప్పుడు, ఎటు కదలాలో, ఎందుకో అడగాలి. మార్కుల్లో పెద్ద వాటా ఆ ‘ఎందుకు’కే ఇవ్వాలి.