కారు తలుపుల లోపలి తొడుగు



సూదియు కత్తెరయు నెఱిగిన యిల్లాలికి కారు తలుపు లోపలి తొడుగు మార్చుట యసాధ్యమైన పని కాదు. రవికె కత్తిరింపు దీనికంటె కష్టము. కాని యీ పనిలో గుడ్డకంటె ముందు తెలిసికొనవలసినది నీరు నడచు త్రోవ.

మా చింతపల్లి సముద్రమట్టమునకు 800 మీటర్లకు పైనున్న మన్యప్రదేశము. జూను మొదలు అక్టోబరు వఱకు వానలు. అటుపిమ్మట లంబసింగియందువలెనే మాకును ప్రొద్దెక్కు వఱకు దట్టమగు మంచు. పప్పులు, పుస్తకములు, పట్టుచీరలు బూజు పట్టు చోట కారు తలుపు మాత్ర మేల మానును? ఇచ్చట కారు భోగవస్తువు కాదు. పెద్ద వైద్యమునకై నిండుచూలాలిని నర్సీపట్నమునకు దింపవలసినచో, ఘాటుదారిలో గంటకు పైగా ఆమె యా తలుపునకే యానుకొని కూర్చుండవలెను. అట్టి బండిలో బూజు కంపు వట్టి యలంకారలోపము కాదు.

మా వీధిలో నొక గృహస్థు పాతకారును కిరాయికి నడపుచున్నాడు. ఆయన మైదానములోని యొక కుషను దుకాణమున నాలుగు తలుపులకును క్రొత్త రెక్సిను వేయించెను. ఒక్క వానకాలము గడచునప్పటికి క్రింది యంచులు బొబ్బలెక్కి యూడినవి. మరల నంత సొమ్ము పెట్టుటకు వెసులుబాటు లేదు; పిల్ల చదువునకు రుసుము కట్టవలసిన నెల యది. ఇల్లాలు తానే పూనుకొని నన్ను తోడు పిలిచినది. “ఆడువారు బండి విప్పుదురా?” యని యాయన తొలుత నవ్వెను గాని, పలక యూడి చేతికి రాగానే నవ్వు మానెను. ఉబ్బి కుళ్లిన యట్టమీదనే దుకాణమువారు క్రొత్త తొడుగు నంటించి పంపియుండిరి.

అద్దము దిగు సందునుండి వాననీరు తలుపు కడుపులోనికి పోవుట యే కారునకైనను సహజమే. ఆ నీరు తలుపు అడుగునగల చిన్న రంధ్రములనుండి జాఱిపోవలెను. రేకునకును పలకకును నడుమ నొక ప్లాస్టికు కాగితము అడ్డుగా నుండును. రంధ్రములు మట్టితో పూడినను, కాగితము చినిగినను, పలక తడి పీల్చి యుబ్బును. కావున మొదట చీపురుపుల్లతో రంధ్రములను పొడిచి, అద్దపు సందున నొక చెంబెడు నీరు పోసి, క్రింద ధారగా కాఱుచున్నదో లేదో చూడుడు. అది కాఱనంతవఱకు రెక్సిను కొనవలదు.

అద్దము త్రిప్పు పిడి ననేక పాతకార్లలో గుఱ్ఱపు లాడమువంటి చిన్న తీగ పట్టియుండును. పిడి వెనుక నొక పాతగుడ్డ దూర్చి అటునిటు లాగినచో ఆ తీగ ఎగిరి వచ్చును. ఎక్కడ పడునో కనిపెట్టవలెను. మరల నన్నిటిని విప్పి, పలక అంచున గుడ్డ చుట్టిన అట్లకాడను, బిగింపుల ప్రక్కనే దూర్చి మెల్లగా నెత్తుడు. నడుమ నెత్తినచో పలక విఱుగును.

కుళ్లిన పలకను కాగితముపై నుంచి రంధ్రములతో సహా గీచి, ఆ కొలతకు 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్డును కోయింపుడు. కుడి పలకకును ఎడమ పలకకును వాలు తాఱుమాఱుగా నుండును గనుక దేని వెనుక దాని పేరు వ్రాయుడు. ఇరుప్రక్కలను, ముఖ్యముగా అంచులకును రంధ్రములకును వార్నీషు పట్టింపుడు. మెత్తకు పలుచని స్పాంజియే మేలు. మన్యమున బూరుగుదూదికి కొఱత లేదు. దిండ్లకు దానిని మించినది లేదు గాని, నిలువు పలకలో నది క్రిందికి జాఱి గడ్డలు కట్టును.

రెక్సిను అనునది తొలుత ఇంగ్లండులో మాంచెస్టరు దరి నొక సంస్థ చేసిన తోలుబట్ట పేరు. నేడు మన బజారులో నా పేర నమ్మునది చాలవఱకు ప్లాస్టికు పూత బట్ట. దాని పన్నా సాధారణముగా 54 అంగుళములు. చిన్నకారు నాలుగు తలుపులకు సుమారు 3 మీటర్లు పట్టును. పలక చుట్టును రెండంగుళములు మిగులునట్లు కత్తిరించి, కొంతసేపు ఎండలో వేసినచో మెత్తబడి చెప్పినట్లు వినును.

రబ్బరుబంక పలకకును రెక్సినుకును వెనుకవైపున మాత్రమే రాయుడు. పైకి కనబడు వైపున స్పాంజిపై బిగువుగా లాగి మడచుటయే చాలును. పదినిమిషము లాఱి, వ్రేలికి అంటనప్పుడు అదుముడు. మంచు వేళ నీ పని పనికిరాదు. తడిగాలి బంకపై కూర్చుండి పట్టు చెఱచును. ఎండ కాయు మధ్యాహ్నమున, పొయ్యికి దూరముగా, ఆరుబయట చేయవలెను. ఆ యావిరి తల త్రిప్పును, త్వరగా నిప్పంటుకొనును. గర్భిణులను, పసివారిని చేరనీయరాదు. మైదా గంజితో నంటింతుమను పొదుపరులు బొద్దింకలకు విందు చేయువారే.

మొదట నొక్కొక్క అంచు నడుమ మడచి, ఎదుటి అంచును లాగి, మూలలను చివరకు విడువవలెను. వంపుల చోట రవికె మెడకు పెట్టినట్లే గాట్లు పెట్టుడు. గాటు పలక అంచును తాకరాదు. పిడి రంధ్రములను తొడుగు కుదిరిన పిదపనే కోయుడు. పలక నెక్కించుటకు ముందు మందపాటి ప్లాస్టికు కాగితమును రేకునకు జిగురుపట్టీతో నంటించి, దాని క్రింది యంచును తలుపు కడుపులోనికి దోపవలెను. బయట వ్రేలాడనిచ్చినచో నీరు మరల పలకమీదికే వచ్చును.

ఇదంతయు పాత అంబాసిడరు, మారుతి 800 వంటి వానికి. ఆ రెండింటి తయారియు 2014లో నిలిచిపోయినను మన్యమున నవి యింకను కనబడుచున్నవి. మీటలతో అద్దములు కదలు క్రొత్తకార్ల తలుపులలో తీగలును, కొన్నింటిలో ప్రమాదపు తాకిడిని కనిపెట్టు పరికరములును ఉండును. వానిని తెలిసిన పనివానికే విడువుడు.

మాకు నాలుగు తలుపులకును రెండు మధ్యాహ్నములు పట్టినవి. మిగిలిన ముక్కలతో బడి హాజరుపట్టీలకు అట్టలు వేసితిమి.