మ్యాపు మనమే గీసుకోవాలి

ఈసారి ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాను. నవ్వకండి. అరవై దాటాక, గుడిలో ప్రసాదం పంచుకునేదానివి, నీకు గేమ్ ఏంటమ్మా అని మా అమ్మాయి కూడా అడిగింది.

వేసవి సెలవులకు మనవడు వచ్చినప్పుడు సొరుగులో వాళ్ళ నాన్న పాత నింటెండో డీఎస్ దొరికింది. అందులో ఉన్న గేమ్ ఎట్రియన్ ఒడిస్సీ. జపాన్‌కు చెందిన అట్లస్ 2007లో తెచ్చింది. ఐదుగురిని జట్టు కట్టి, ఎట్రియా అనే ఊరి నుంచి ఒక పెద్ద చిక్కుదారుల అడవిలోకి అంతస్తు తర్వాత అంతస్తు దిగుతూ పోవాలి. పై స్క్రీన్‌లో మన కళ్ళముందు దారి కనిపిస్తుంది. కింది స్క్రీన్‌లో గళ్ళ కాగితం లాంటిది ఉంటుంది. గోడలు, తలుపులు, మెట్లు ఎక్కడున్నాయో స్టైలస్‌తో మనమే గీసుకోవాలి.

అందులో మొదటి పనే అది. మొదటి అంతస్తులో కొంత భాగం మ్యాపు గీసి సైనికుడికి చూపించాలి. అప్పుడే ముందుకు పోనిస్తారు.

మావాడికి విసుగొచ్చింది. "అమ్మమ్మా, వేరే గేముల్లో మ్యాపు దానంతట అదే వస్తుంది" అన్నాడు. నిజమే. కానీ రెండు రోజులయ్యాక వాడు అన్నం తింటూ, గేమ్ చేతిలో లేకుండానే, "ఎడమకి తిరిగితే తలుపు, దాని వెనక మెట్లు" అన్నాడు. దారి స్క్రీన్‌లో కాదు, వాడి తలలో ఉంది.

అప్పుడు నాకు నా సంగతి గుర్తొచ్చింది. నేను హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియంలో చదివాను. తెలుగు మాట్లాడతాను కానీ చదవడం రాదు. ఇక్కడ న్యూజెర్సీలో గుడి పనులన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిన తెలుగుతోనే నడిపించాను. ఒక పండుగ రోజు మైకులో చెప్పమని కాగితం ఇచ్చారు. అందులో కె, ఎ, ఎల్, ఎల్, యు అని ఉంది. తొందరలో "కళ్ళు కడుక్కుని లోపలికి రండి" అని చదివేశాను. పిల్లలు కొందరు నిజంగానే కళ్ళు కడుక్కున్నారు! అది "కాళ్ళు" అట. ఒక పెద్దాయన, "నయం తల్లీ, కల్లు అనలేదు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

కాళ్ళు, కళ్ళు, కల్లు. తెలుగులో మూడు వేరు వేరు దారులు. ఇంగ్లీష్ అక్షరాల్లో మూడూ ఒకటే గోడ. ఆ మర్నాడే నోట్‌బుక్ కొన్నాను.

మా ఆదివారం క్లాసులో కొందరు అంటారు: ప్రతి తెలుగు మాట కింద ఇంగ్లీష్‌లో కూడా రాయండి, లేకపోతే పిల్లలు పారిపోతారు అని. వాళ్ళ భయం నాకు తెలుసు. ఏడాదికి ఒక్కసారి వచ్చి స్తోత్రం చదివేవాళ్ళకి అలాగే ఇవ్వండి, తప్పు లేదు. కానీ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి వద్దు. రెండు వరుసలుంటే కన్ను తెలిసిన వరుస మీదికే పోతుంది. నా కన్ను నలభై ఏళ్ళు అలాగే పోయింది.

ఆ గేమ్‌లో ఇంకో సంగతి నచ్చింది. గోడ తప్పుగా గీస్తే అది దిద్దదు. మనం వెళ్ళి అక్కడ ఆగిపోయినప్పుడు మనకే తెలుస్తుంది. చెరిపి మళ్ళీ గీస్తాం. ఎఫ్‌ఓఈ అనే పెద్ద మృగాలు కూడా ఉంటాయి. మనం అడుగు వేస్తే అవీ అడుగు వేస్తాయి. వాటి నుంచి తప్పించుకోవాలంటే మన మ్యాపే దిక్కు. పిల్లలు కష్టానికి పారిపోరు. తమ చేత్తో గీసిన మ్యాపు పనికొస్తుందని తెలిస్తే ఇంకో అంతస్తు దిగుతారు.

మావాడు నా నోట్‌బుక్‌లో "తలుపు", "మేట్లు" అని రాసి వెళ్ళాడు. "మెట్లు" అని నేను దిద్దలేదు. వచ్చే సెలవుల్లో వాడే చూసుకుంటాడు.

ఈ వారం మీరూ వంటింట్లో ఐదు డబ్బాల మీద పేర్లు తెలుగులో, మీ చేత్తో రాయండి. కింద ఇంగ్లీష్ వద్దు. నా రాతలో తప్పులుంటే చెప్పండి. చెరిపి మళ్ళీ రాస్తాను.