పెరటి వైపు ఎవరుండాలి?

హైదరాబాదులో 1980లలో, 90లలో లేచిన మూడంతస్తుల, నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లను ఓసారి వెనక నుంచి చూడండి. విద్యానగర్ కానీ, బర్కత్‌పురా కానీ, చాలావాటికి వరస ఒకటే. గోడ మీద పైనుంచి కిందిదాకా పైపులు, వాటి పక్కన చిన్న చిన్న వెంటిలేటర్లు. అంటే బాత్రూములన్నీ వెనక గోడకే అన్నమాట. స్టిల్ట్ పార్కింగ్ ఇంకా అలవాటు కాని రోజులు గనక అప్పట్లో కిందా ఫ్లాట్లే కట్టేవారు. ఆ కింది ఫ్లాటు వెనక నాలుగు మొక్కలు పెంచుకునేంత జాగా మిగిలేది. ఇంటిమొత్తానికీ మట్టి అంటూ కనిపించేది అక్కడే. ఆ మట్టిని తీరుబడిగా చూసే భాగ్యం మాత్రం స్నానాల గదికిచ్చి, మనుషులం కారిడార్ వైపు కూర్చున్నాం.

ఇప్పుడా ఫ్లాట్లలో చాలావాటికి ముప్పై ఏళ్లు దాటాయి. పైపులు కారుతున్నాయి, ఫ్లోరింగ్ కుంగింది, ఎలాగూ తవ్వక తప్పదు. ఇల్లు తవ్వినప్పుడే గదులు మార్చుకునే అవకాశం. జనం ఆ అవకాశాన్ని ఫాల్స్ సీలింగ్ మీదా, టీవీ యూనిట్ మీదా ఖర్చు పెట్టేస్తున్నారు. గోడలు ఉన్నచోటే ఉంటాయి, వాటి మీద రంగులు మారతాయి.

మా పిన్ని కూతురి ఫ్లాటు ఈమధ్యే ఈ దశకొచ్చింది. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై రెండడుగుల పొడవు. తూర్పున గుమ్మం, పడమట ఎనిమిదడుగుల పెరడు. ఇరవై అడుగుల వెనక గోడలో తొమ్మిదడుగులు రెండు బాత్రూములే తినేశాయి. మిగతా పదకొండూ పడకగదివి. వంటిల్లు కారిడార్ పక్కన, పట్టపగలు కూడా లైటు వేసుకునేచోట. సలహాలకు కొదవలేదు. హాలు పెద్దది చేయాలని తోడికోడలు, ఇంకో పడకగది తీస్తే రేటు పెరుగుతుందని బావమరిది, "ఆ గోడ తీసేద్దాం మేడమ్, ఏం కాదు" అని మేస్త్రీ.

నేను అడిగింది ఒక్కటే, పొద్దున తొమ్మిదికీ సాయంత్రం ఆరింటికీ మధ్య ఈ ఇంట్లో ఎవరుంటారని. తను ఆఫీసుకు వెళ్తుంది, మా బావా అంతే. కొడుకు కాలేజీకి. ఉండేది వాళ్ల అత్తగారు. ఆవిడా, వంట మనిషీ.

చిన్న ఇంట్లో గదుల అమరికకు సంబంధించిన ప్రశ్నల్లో నా దృష్టిలో ఇదే మొదటిది. ఎన్ని గదులు వస్తాయన్నది తర్వాత. వెలుగూ గాలీ వచ్చే గోడ ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని పగటి మనుషులకివ్వాలి. మనవాళ్లు పెరటి వైపు గదికి మాస్టర్ బెడ్‌రూమ్ అని పేరు పెట్టి దంపతులకిస్తారు. గ్రౌండ్ ఫ్లోర్‌లో రాత్రిపూట పెరటి వైపు కిటికీ తెరిచి పడుకునే వాళ్లని చూపించండి. దోమలు, దొంగల భయం. దాంతో కిటికీ మూసి, కర్టెన్ లాగి, ఏసీ వేసుకుంటారు. ఆ ఏసీ వేడిగాలి పెట్టె ఎక్కడ బిగిస్తారు? పెరట్లోనే, కరివేపాకు చెట్టు మొహాన.

అందుకని పెరటి గోడను రెండుగా పంచాం. బాత్రూములు ఉన్న తొమ్మిదడుగులూ వంటింటికి. లోపలికి పన్నెండడుగులు తీసుకుంటే నలుగురు కూర్చునే భోజనాల బల్ల కూడా అక్కడే పడుతుంది. మిగతా పదకొండడుగుల గది అత్తగారికి. హాల్లోనే దివాన్ వేసుకోవచ్చు కదా అని ఎవరో అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "హాల్లో పడుకుంటే వచ్చినవాళ్లందరికీ నా మోకాళ్ల గురించి చెప్పాల్సొస్తోంది" అన్నారు. వాస్తు సిద్ధాంతిగారూ ఇబ్బంది పెట్టలేదు. వంటకు ఆగ్నేయం కుదరకపోతే వాయవ్యం పర్వాలేదన్నది వాళ్లలో చాలామంది ఒప్పుకునే మాటే. నైరుతి గది ఇంటి పెద్దకి అంటారు, ఆవిడకంటే పెద్ద ఆ ఇంట్లో ఎవరూ లేరు. వాస్తును నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్లది గానీ, అందులో ఇలాంటి పట్టువిడుపులు ఉంటాయని తెలుసుకుంటే సగం తగాదాలు తగ్గుతాయి.

మరి బాత్రూములు? ఇక్కడే కింది ఫ్లాటుకున్న బలం బయటపడుతుంది. పై అంతస్తుల్లో కమోడ్ జరపాలంటే కింది వాళ్ల సీలింగ్‌తో పేచీ. మన కింద భూమే కాబట్టి పైపు ఎటైనా తిప్పుకోవచ్చు. ఉత్తరం వైపు సందులోకి వెంటిలేటర్ పెట్టి ఇంటి నడుమకు జరిపితే, అక్కణ్నుంచి వెనక మురుగు ఛాంబర్‌కి కనీసం పన్నెండడుగులు. నలభై అడుగులకు అడుగు చొప్పున వాటం ఇస్తే మూడున్నర అంగుళాల పైచిలుకు దిగుతుంది. ఛాంబర్ ఆ లోతుకు సరిపోతుందో లేదో ముందు మూత తీసి కొలవాలి, టైల్స్ కొన్నాక కాదు.

బలహీనత కూడా అక్కడే. పై మూడంతస్తుల మురుగు మన పెరట్లోని ఛాంబర్‌లోకే దిగుతుంది. అది పూడుకుంటే పైవాళ్లకు తెలియదు, పొంగేది మన బాత్రూములోనే. అందుకని కింది ఫ్లాటు లైనును పైనుంచి దిగే నిలువు పైపుకి కలపకుండా, విడిగా ఛాంబర్‌లోకి తీసుకెళ్లాలి. ఛాంబర్ పొంగితే ఇదీ ఆపలేదు గానీ, పైపు అడుగున అడ్డుపడినప్పుడు మేడమీద వాళ్ల నీళ్లు మన గదిలోకి తన్నవు. ప్లంబర్లు పైపు ముక్క మిగుల్తుందని కలిపేస్తామంటారు. వద్దనాలి, పక్కన నిలబడి మరీ.

గోడల సంగతి. పిల్లర్లు, బీములతో లేచిన భవనంలో లోపలి నాలుగున్నర అంగుళాల గోడలు సాధారణంగా అడ్డుతెరలే, తీసినా స్లాబు బరువు వాటి మీద ఉండదు. హౌసింగ్ బోర్డు కాలనీల పాత ఇళ్ల లాంటి చోట్ల లోపలి తొమ్మిదంగుళాల గోడే స్లాబును మోస్తూ ఉండొచ్చు. "ఏం కాదు" అన్న మేస్త్రీ మాట కన్నా స్ట్రక్చరల్ ఇంజనీరుకిచ్చే ఫీజు చవక.

అన్నిటికన్నా ఉపయోగపడింది ముగ్గుపిండి. కంప్యూటర్లో గీసిన ప్లానులో ప్రతి గదీ విశాలంగానే కనిపిస్తుంది, మంచాలు అగ్గిపెట్టెలంత ఉంటాయి. మేం సామాను తీసేసిన నేల మీద టేపుతో కొలిచి, అసలు సైజులోనే గోడలు, మంచాలు, బీరువాలు, తలుపులు తెరుచుకునే వంపులు కూడా ముగ్గుతో గీశాం. మా బావ పది పది గదిలో ఆరడుగుల మంచం కావాల్సిందే అన్నాడు. గీసి చూపించాం. మంచం పొడవు ఆరుంపావు, ఎదురుగోడకు బీరువా రెండడుగులు. కాళ్ల దిక్కున మిగిలింది అడుగుముప్పావు. బీరువా తలుపు రెక్క అడుగున్నర. తలుపు తెరిస్తే ఇక మనిషి మంచం ఎక్కి నిలబడి చొక్కా తీసుకోవాలి. బీరువా పక్కగోడకు మార్చి గీస్తే ఆరడుగుల మంచం పక్కన రెండడుగుల దారి వచ్చింది, అయిదడుగుల మంచమైతే మూడు. అయిదుకి ఒప్పుకున్నాడు.

నేషనల్ బిల్డింగ్ కోడ్ లెక్కలు ఈ గీతల దగ్గర పనికొచ్చాయి. రెండు గదులున్నప్పుడు ఒకటి 9.5 చదరపు మీటర్లకు, రెండోది 7.5కి తగ్గకూడదు. అంటే సుమారు 102, 81 చదరపు అడుగులు. వంటిల్లు 5 చదరపు మీటర్లు, కమోడ్ కలిసిన బాత్రూము 2.8. ఈ చివరిది ఇంచుమించు అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. బావమరిది అడిగిన మూడో పడకగది గీస్తే యాభై చదరపు అడుగులు కూడా రాలేదు. దాన్ని గది అని అమ్మేవాళ్లున్నారు, అందులో పడుకునేవాళ్లే దొరకరు.

హాలు తగ్గింది. అందరికీ బాధ అక్కడే. సోఫా సెట్టు కోసం ఇంట్లో మూడో వంతు అప్పగించి, ఆ సోఫా మీద ఉతికిన బట్టలు పోసుకునే ఇళ్లు నాకు చాలా తెలుసు.

పెరడు మనదేనా అన్నది వేరే ప్రశ్న. బిల్డర్ నోటిమాటగా "వెనక జాగా మీదే" అని ఉండొచ్చు. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం స్థలంలో ఫ్లాటు ఓనర్లందరికీ అవిభక్త వాటా ఉంటుంది కాబట్టి సేల్ డీడ్‌లో ఏం రాశారో చూసుకోవాలి. అసోసియేషన్‌తో మాట్లాడి మొక్కలు పెంచుకోవడం వేరు, రేకులు వేసి గది చేసుకోవడం వేరు. రెండోది చేస్తే గొడవ సంగతి అలా ఉంచి, మనం ఇంత కష్టపడి తెచ్చుకున్న వెలుగు మనమే మూసేసినట్టు.

వెలుగంటే గుర్తొచ్చింది. పడమటి పెరడు కదా, ఎండాకాలం సాయంత్రం వంటిల్లు కాలిపోతుందేమోనని భయపడ్డాం. ప్రహరీ అవతల అయిదంతస్తులు లేచి ఆ సమస్య తీర్చాయి, నీడ సమస్య తెచ్చాయి. మల్లె పూయదిక. తమలపాకు తీగ, అల్లం, పసుపు నీడలోనూ బాగానే వస్తాయి. పైనుంచి రాలే క్లిప్పులు, తల చిక్కులు, తుడిచిన నీళ్లు ఏ మొక్కకైనా తప్పవు.

2020 అక్టోబరు వానలకు నగరంలో కింది ఇళ్లు ఎన్ని మునిగాయో చూశాం. అందుకని ప్లగ్ పాయింట్లు నడుము ఎత్తుకు లేపించాం, వంటింటి కింది అరలకు ప్లైవుడ్ వద్దని రాతిపలకలు పెట్టించాం. చెదలకూ అదే మందు.

ఇక డబ్బు పెట్టాల్సింది పెరటి తలుపు మీద. వంటింట్లోంచి నాలుగడుగుల తలుపు, దోమతెర రెక్క వేరుగా, ఇనుప గ్రిల్ వేరుగా. గ్రిల్ మాత్రం గోడలోకి బిగించేది వద్దు, లోపలి నుంచి తెరుచుకునే రెక్క కావాలి. గ్యాస్ స్టవ్ ఉన్న గదిలో కదలని గ్రిల్ పెట్టించుకుంటే, మంటలు లేచిన రోజు ఎనిమిదడుగుల పెరడు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, వెళ్లడానికి దారుండదు. వెల్డరు ఇందుకు మడత బందులకని కొంచెం ఎక్కువ అడుగుతాడు. ఇవ్వండి.