బిల్లు కౌంటరు వద్ద మన గోప్యత

పండుగ బట్టలకో, నెల సరుకులకో కామారెడ్డి, ఎల్లారెడ్డి దుకాణాలకు వెళితే బిల్లు రాసేచోట తరచూ వినిపించే మాట: "ఫోన్ నెంబరు చెప్పండి." ఆ పది అంకెలకు మన పేరు, కొన్న వస్తువుల చిట్టా తోడైతే ఇంటి ఆచారాలు, మతవిశ్వాసం సైతం ఇట్టే తెలిసిపోతాయి. ఆ చిట్టా ఎవరి చేతికి చేరుతుందో మనకు తెలియదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. నెంబరు కోసం పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో వర్తకులకు సూచించింది. 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు మతవిశ్వాసాన్ని సున్నిత సమాచారంగా గుర్తించింది. 2023లో వచ్చిన చట్టంలో ఆ వర్గీకరణే లేదు. పేరు విని అద్దె ఇల్లు నిరాకరించే చోట ఇది చిన్న లోపం కాదు.

ఆ రక్షణను చట్టంలో చేర్చాలని మన పార్లమెంటు సభ్యులను నిలదీయాలి. నెంబరు ఇవ్వకుండానే బిల్లు అడగాలి. కాదంటే వినియోగదారుల సహాయకేంద్రం 1915కు ఫిర్యాదు చేయాలి. మన వర్తక సోదరులకూ ఒక మాట: కొనుగోలుదారు ఇచ్చిన వివరం అమానతు. దానిని ఇతరులకు అప్పగించడం నమ్మకద్రోహమే.