క్లచ్ అరిగిందని ఏ యాప్ చెప్పదు.. మీ కాలే కనిపెట్టాలి

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనల్ని మోసం చేయడం అంత ఈజీ కాదు. బ్యాటరీ హెల్త్ చూస్తాం, డిస్‌ప్లే మార్చారేమో గమనిస్తాం, ఐఎంఈఐ చెక్ చేస్తాం. అదే సెకండ్ హ్యాండ్ కారు దగ్గరికి వెళ్తే? స్టీరింగ్ కింద ఉన్న పోర్టుకి బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ పెట్టి, యాప్‌లో 'నో ఫాల్ట్ కోడ్స్' అని గ్రీన్ టిక్ రాగానే అడ్వాన్స్ ఇచ్చేస్తాం. నేను చేసింది అదే.

కొన్న నెలకి అమ్మానాన్నల్ని తీసుకుని హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరాను. అడవి దాటేవరకు కారు సూపర్. డ్యామ్ దగ్గర నది దాటి సున్నిపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే అసలు సంగతి బయటపడింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది, ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తోంది, కారు మాత్రం కదలనంటోంది. వెనక బస్సు హారన్. లోపలంతా కాలిన వాసన. "ఏంట్రా ఆ వాసన?" అని నాన్న. మలుపు దాటాక పక్కకి ఆపి మళ్లీ స్కాన్ చేశా. అప్పుడు కూడా గ్రీన్ టిక్కే!

చల్లారేదాకా ఆగి, ఏసీ కట్టేసి, ఫస్ట్, సెకండ్ గేర్లలోనే యాక్సిలరేటర్ మెల్లగా ఇస్తూ ఎలాగో పైకి చేరాం. ఊరికొచ్చాక క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ మార్పించాల్సి వచ్చింది. గేర్‌బాక్స్ దించితే కానీ క్లచ్ బయటికి రాదు. అందుకే లేబర్ ఎక్కువ, అందుకే మూడూ ఒకేసారి మార్చేస్తారు.

తప్పు డాంగిల్‌ది కాదు. కారులోని కంప్యూటర్ తనకి సెన్సర్లు చెప్పినదే మనకి చెబుతుంది. మామూలు మాన్యువల్ కార్లలో క్లచ్ ప్లేట్ ఎంత అరిగిందో కొలిచే సెన్సర్ ఉండదు. ఉంటే గింటే పెడల్ తొక్కారా లేదా అని చెప్పే స్విచ్ ఒకటి ఉంటుంది, అంతే. కోడింగ్ చేసేవాళ్లకి ఇది కొత్తేం కాదు. రాయని టెస్ట్ ఎప్పటికీ ఫెయిల్ అవ్వదు కదా!

ఇంజిన్ వైపు ఫ్లైవీల్, ఇటు ప్రెషర్ ప్లేట్, రెండింటి మధ్య లైనింగ్ ఉన్న క్లచ్ ప్లేట్. ఆ పట్టుతోనే ఇంజిన్ బలం చక్రాలకి వెళ్తుంది. లైనింగ్ అరిగేకొద్దీ పట్టు తగ్గి ప్లేట్ జారుతుంది. అంటే ఫోన్‌కి బ్యాటరీ ఎలాగో కారుకి క్లచ్ అలాగ. అరగడం ఖాయం, ఎంత త్వరగా అన్నది వాడేవాళ్ల చేతిలో, సారీ, కాలిలో ఉంటుంది. ట్రాఫిక్‌లో పెడల్ మీదే కాలు పెట్టి నడిపేవాళ్లు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బ్రేక్ బదులు హాఫ్ క్లచ్ మీద కారు నిలబెట్టేవాళ్లు త్వరగా అరగదీస్తారు. కాబట్టి ఓడోమీటర్ తక్కువుంది కదా అని క్లచ్ బాగుందనుకోకండి.

మరి ఎలా కనిపెట్టాలి?

ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్ల స్పీడ్‌లో నాలుగో గేర్ వేసి, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం, స్పీడ్ కలిసి నెమ్మదిగా పెరగాలి. ఆర్‌పీఎం ఒక్కసారిగా ఎగిరి స్పీడ్ అక్కడే ఉంటే క్లచ్ జారుతున్నట్టే. పై గేర్‌లో, ఎత్తు ఎక్కేటప్పుడు ఇది ముందు బయటపడుతుంది. నేను టెస్ట్ డ్రైవ్ చేసింది కాలనీలో చదును రోడ్డు మీద, రెండో గేర్‌లో!

పెడల్ దాదాపు పైదాకా వదిలితే గానీ కారు కదలకపోతే అనుమానించండి. కేబుల్ క్లచ్ ఉన్న కార్లలో ఒక్కోసారి అడ్జస్ట్‌మెంట్‌తో సరిపోతుంది, ముందు అది అడగండి. ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు కారు వణికితే ప్లేట్ మీద ఆయిల్ పడి ఉండొచ్చు, ఫ్లైవీల్ దెబ్బతిని ఉండొచ్చు. ఇంజిన్ మౌంటింగ్స్ పోయినా ఇలాగే వణుకుతుంది. పెడల్ తొక్కినప్పుడే గరగర శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్‌ని అనుమానించాలి.

ఇంకొకటి. రివర్స్ గేర్ కర్రుమంటూ పడితే చాలామంది 'క్లచ్ ప్లేట్లు పోయాయి' అనేస్తారు. అది జారడానికి పూర్తి రివర్స్. క్లచ్ సరిగ్గా విడిపోవట్లేదని అర్థం. కేబుల్ సాగిందేమో, ఫ్లూయిడ్ లీకవుతోందేమో చూశాకే ప్లేట్ల సంగతి మాట్లాడాలి.

అయితే డాంగిల్ చెత్తబుట్టలో వేయాలా? అక్కర్లేదు. ఫాల్ట్ కోడ్స్ పేజీ వదిలేసి లైవ్ డేటాకి వెళ్లండి. ఆర్‌పీఎం, స్పీడ్ రెండూ రికార్డ్ చేసి ఒకదాన్ని ఇంకోదానితో భాగించండి. ఒక గేర్‌లో, క్లచ్ తొక్కనంతసేపు ఆ నంబర్ దాదాపు మారకూడదు. ఉదాహరణకి నాలుగో గేర్‌లో 50 స్పీడ్‌కి 2000 ఆర్‌పీఎం ఉంటే నిష్పత్తి 40. 60కి 2400 ఉండాలి. 3000 చూపిస్తే నిష్పత్తి 50 అయిందన్నమాట. చక్రాల దాకా చేరని ఆ 600 ఆర్‌పీఎం క్లచ్ దగ్గర వేడిగా పోతోంది. నా కారు డేటాని ఇంటికొచ్చాక గ్రాఫ్ గీస్తే ఘాట్ మొత్తం కొండల్లా కనిపించింది. సమాచారం మొదటి నుంచీ ఉంది, అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు.

'మెకానిక్‌ని తీసుకెళ్తే పోయేదిగా' అంటారా? కచ్చితంగా తీసుకెళ్లండి. కానీ టెస్ట్ డ్రైవ్‌లో ఆయన్ని నాలుగో గేర్ దాకా, ఒక ఎత్తు ఎక్కేదాకా తీసుకెళ్లాల్సింది మీరే.

నా కంప్లయింట్ మాత్రం మనలాంటి రివ్యూలు రాసేవాళ్ల మీదే. ఈ డాంగిల్స్‌ని 'జేబులో కార్ డాక్టర్' అని పొగిడేస్తాం. అది ఏమేం చెక్ చేస్తుందో పేజీలకి పేజీలు రాస్తాం, ఏం చెక్ చేయలేదో ఒక్క లైన్ కూడా రాయం. క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు, టైర్లు.. ఇవేవీ ఆ గ్రీన్ టిక్‌లో లేవని ఎవరైనా ముందే రాసి ఉంటే, ఆ మలుపులో అమ్మానాన్నలతో అంత టెన్షన్ పడేవాణ్ని కాదు. ఇకనుంచి ఏ స్కానర్ రివ్యూ చేసినా ఆ లిస్ట్ కూడా పెట్టాలని నా అభిప్రాయం. అప్పటిదాకా కారు చూడటానికి వెళ్తే యాప్ తర్వాత ఓపెన్ చేయండి, ముందు ఎత్తున్న రోడ్డు ఎక్కడుందో వెతకండి.